మెతుకులతో అంటించిన నోటీసు

చచ్చిపోయిన నా మొగుడి పేరునూ బతికున్న నా పేరునూ ఓటర్ల జాబితాలో ఒకే పేజీలో కొట్టేశారు. ఆయన పేరు పక్కన ‘ఈ’ అని ఇంగ్లీషు అక్షరం వేశారు, చనిపోయాడని గుర్తు. నా పేరు పక్కన ‘ఎస్’ అని వేశారు, ఊరు వదిలి వెళ్ళిపోయిందని గుర్తు. ఆయన సంగతి నిజమే, పెట్టె మూత తీసినప్పుడు నా కళ్ళతో చూశాను. నా సంగతి పచ్చి అబద్ధం. ఆ అబద్ధం కింద సంతకం పెట్టింది మా బావ, నా మొగుడికి తోడబుట్టిన అన్న. ఇది ఆయన మీద కోపంతోనే రాస్తున్నాను. ఆ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్ళు నన్ను మంచిదాన్ని అనుకొని మోసపోరు.

నేను పుట్టింది సిరిసిల్లలో. మా నాన్న సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలే అంటారు. ఇంటర్ పూర్తిచేశాక కోరుట్ల పక్క ఊరికి నన్నిచ్చారు. కోరుట్లలో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో మా ఇంటి ముందు దిగొచ్చు. పెళ్ళైన నాలుగో నెలలో నా మొగుడు దుబాయ్ వెళ్ళాడు. రెండేళ్ళకోసారి వచ్చి రెండు నెలలుండేవాడు. పిల్లలు కలగలేదు. ఇంట్లో నేను, అత్త ఉండేవాళ్ళం. నేను బీడీలు చుట్టేదాన్ని, ఆమె ఆకు తడిపి పెట్టేది. బావ జగిత్యాలలో ఎరువుల దుకాణం పెట్టుకొని, అక్కడే రెండంతస్తుల ఇల్లు కట్టుకొని, భార్యాపిల్లలతో అక్కడే ఉంటున్నాడు. ఊరింట్లో లోపలి వాకిట్లోకి తెరుచుకునే గది ఒకటి ఆయనది. దానికి ఎప్పుడూ తాళమే.

మా అత్తగారింట్లో ఒక పద్ధతి ఉంది. మరదలు బావకు ఎదురుపడి మాట్లాడకూడదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటున నిలబడి అత్తతో చెప్పాలి, అత్త ఆయనతో చెప్పాలి. ఆయన నాలుగడుగుల దూరంలో కూర్చొని చాయ్ తాగుతుంటే, చక్కెర సరిపోయిందో లేదో అడగమని నేను అత్తకు చెప్పేదాన్ని. సరిపోయిందని చెప్పమని ఆయనా అత్తకే చెప్పేవాడు. పన్నెండేళ్ళు ఈ నాటకం ఆడాం. నా గొంతు ఎలా ఉంటుందో ఆయనకు బాగా తెలుసు, నా ముఖం మాత్రం సరిగ్గా గుర్తుండి ఉండదు.

నా ఓటు ఆ ఊరికి మార్పించింది నా మొగుడే. దుబాయ్ వెళ్ళే ముందు వారం బడికి తీసుకెళ్ళి, ఫారం నింపించి, ఫొటో అంటించి, ఇక నువ్వు ఈ ఊరిదానివైపోయావని నవ్వాడు. ఆయన ఓటూ అక్కడే ఉంది గానీ, పన్నెండేళ్ళలో వేసింది ఒక్కసారి. మిగతా ఎన్నికలన్నీ ఆయన గల్ఫ్‌లో ఉండగానే వచ్చిపోయాయి. ఓటు రోజు మాత్రం పొద్దున్నే ఫోన్ చేసేవాడు. వేశావా, లైను పెద్దగా ఉందా, ఎవరెవరు కనబడ్డారు అని అడిగేవాడు. సిరా పెట్టిన వేలు ఫొటో తీసి పంపమనేవాడు. క్యాంపులో తన గదివాళ్ళందరికీ చూపిస్తాడట. వాళ్ళ ఆడవాళ్ళ వేళ్ళు వాళ్ళు చూపిస్తారట. నాకు నవ్వొచ్చేది, పంపేదాన్ని.

ఒకరోజు ఆయన రాత్రి పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. ఇరవై రెండు రోజులకు పెట్టె వచ్చింది. దినాలయ్యాక మా అమ్మ, మా తమ్ముడు వచ్చి నన్ను నిద్రకు తీసుకుపోయారు. చావు జరిగిన ఇంట్లోవాళ్ళను తల్లిగారో చుట్టాలో తమ ఇంటికి తీసుకెళ్ళి, మూడు రాత్రులు పడుకోబెట్టి, తిండి పెట్టి తిరిగి పంపుతారు. మా దగ్గర దాన్ని నిద్ర చేయడం అంటారు. రెండు చీరలు సంచిలో పెట్టుకొని వెళ్ళాను. బీడీల చాట, కత్తెర గోడకు అలాగే వేలాడుతున్నాయి. నానబెట్టిన ఆకు కూడా బట్టలో చుట్టి ఉంది. మూడు రోజుల్లో రావాల్సినదాన్ని, రెండో రోజే టైఫాయిడ్ పట్టుకుంది. సిరిసిల్లలో సాంచాల చప్పుడు వింటూ నెల పైన మంచంలోనే ఉన్నాను.

సరిగ్గా ఆ నెలలోనే ఊళ్ళో ఇంటింటికీ తిరిగి ఓటర్లను సరిచూశారు. మా వీధి చూసేది అంగన్‌వాడీ టీచరే. నా మొగుడి పేరు తీయడానికి చావు కాగితం కావాలని ఆమె మా ఇంటికి వచ్చింది. ఆ రోజు బావ ఇంట్లో ఉన్నాడు, అత్త కూడా అక్కడే ఉంది. ఆ కాగితం ఇచ్చి, పనిలో పనిగా నా పేరూ తీసెయ్యమన్నాడు. పిల్లలా లేరు, మొగుడా లేడు, తల్లిగారింటికి వెళ్ళిపోయింది, ఇంకెందుకొస్తుంది అన్నాడట. ఆమె ఫారం తీసింది, కారణం దగ్గర శాశ్వతంగా వేరేచోటికి మారారని ఉన్న గడిలో ఆయన టిక్కు పెట్టి సంతకం చేశాడు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. జ్వరం తగ్గగానే తిరిగొచ్చి, ఆరిపోయిన ఆకు పారేసి, కొత్త ఆకు తడుపుకొని పనిలో కూర్చున్నాను. బావ వచ్చినప్పుడల్లా ఎప్పటిలాగే తలుపు చాటుకు వెళ్ళి చాయ్ ఇచ్చాను. ఆ చాయ్‌లన్నీ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అసెంబ్లీ ఓట్ల రోజు అత్తను చేయి పట్టుకొని బడికి తీసుకెళ్ళాను. అత్తకు ఓటరు చీటీ వచ్చింది, నాకు రాలేదు. లోపల చూస్తారులే అనుకున్నాను. గంటసేపు లైనులో నిలబడ్డాక లోపల కూర్చున్నాయన జాబితాలో వేలు పెట్టి కిందికీ పైకీ చూసి, నీ పేరు లేదమ్మా అన్నాడు. కార్డు చూపించాను. కార్డు ఉంటే సరిపోదు, జాబితాలో ఉండాలి అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు, ఆయన తప్పేమీ లేదు. వెనక లైనులో మా వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. పక్కకు జరగమన్నారు, జరిగాను. అత్త వేలికి సిరా పెట్టించుకొని బయటికొచ్చి నా చేయి చూసింది. దారి పొడుగునా సంచిలో ఉన్న ఫోన్ చేతికి తగులుతూ ఉంది. ఫొటో పంపడానికి మనిషి లేడని ముందే తెలుసు. పంపడానికి వేలు కూడా లేకపోయిందని ఆ రోజు తెలిసింది.

సాయంత్రం అంగన్‌వాడీకి వెళ్ళాను. టీచర్ మా పెళ్ళి బువ్వ తిన్న మనిషి. చాలాసేపు నసిగి, నసిగి, చివరికి రిజిస్టర్‌లోంచి జిరాక్స్ తీసి చూపించింది. సంతకం ఎవరిదో పేరు చదవకుండానే గుర్తుపట్టాను. నాకు ఒక నోటీసైనా ఇవ్వాలి కదా, ఎందుకివ్వలేదని అడిగాను.

“నీ నోటీసు మీ బావ చేతికిచ్చిన. ఇంటి మొగోడు గదా, నీకు ఇస్తడనుకున్న” అంది.

ఆయన దాన్ని జేబులో పెట్టుకొని జగిత్యాల పోయాడు. అంతే. నా మీద కేసు నడిచింది, నేను ఓడిపోయాను, నాకు కబురు లేదు. టీచర్ ఓదార్పుగా, ఎక్కడైతే ఏముంది, సిరిసిల్లలో పెట్టించుకోరాదా అంది. అక్కడే ఉంటే నోరు జారుతానని లేచి వచ్చేశాను.

ఆయనకు నా ఓటుతో ఏం పని? అది రెండు నెలల తర్వాత అర్థమైంది. ఇంట్లో నా వాటా పంచిమ్మని మా తమ్ముడు వచ్చి అడిగితే, కులపెద్దలు నలుగురు మా వాకిట్లో కూర్చున్నారు. నేను తలుపు చాటున నిలబడ్డాను. పెద్దాయన ఒకరు, నీ తమ్ముడి భాగం ఆయన భార్యకు రావాలి కదా అన్నారు. బావ నింపాదిగా చేతులు కట్టుకొని చెప్పాడు.

“ఊళ్ళె ఓటే లేనామెకు ఇంట్ల వాటా ఎక్కడిది? తల్లిగారింటికి పోయిందని సర్కారే రాసుకున్నది. నేనన్నది గాదు.”

ఓటుకీ వాటాకీ సంబంధం లేదని తర్వాత జగిత్యాలలో వకీలు చెప్పాడు. ఆ వాకిట్లో ఆ వేళ ఉన్న నలుగురికీ ఆ సంగతి తెలియదు. సర్కారు రాసుకుందనగానే అందరూ తలలూపారు. తానే రాయించి, సర్కారు రాసిందని చెప్పాడు చూడండి. తలుపు చాటు నుంచి ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే అయిపోయేది. పన్నెండేళ్ళ అలవాటు కాళ్ళను పట్టుకుంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. తర్వాత చూద్దామని అందరూ లేచిపోయారు. ఆ రోజే అనుకున్నాను, ఈయన నా పేరు ఎలా తీశాడో అలాగే ఈయన పేరు తీయించాలి, అదే ఫారం మీద, అదే గడిలో టిక్కు పెట్టి. వేరే శిక్ష ఏదీ నాకు నచ్చలేదు.

దానికి మొదటి అడ్డంకి నేనే. కోరుట్లలో మీసేవ పక్కన ఫారాలు నింపిపెట్టే ఒకామెను అడిగితే అసలు సంగతి తెలిసింది. ఒకరి పేరు మీద అభ్యంతరం పెట్టాలంటే, పెట్టేవాళ్ళ పేరు ఆ నియోజకవర్గం జాబితాలో ఉండాలి. బావ పేరు ఉంది కాబట్టి నా పేరు తీయించగలిగాడు. నా పేరు లేదు కాబట్టి ఆయన అబద్ధమాడాడని చెప్పడానికి కూడా నాకు చోటు లేదు. ఓటు అంటే అయిదేళ్ళకోసారి మీట నొక్కడమే అనుకునేదాన్ని. ఈ మనిషి ఇక్కడ ఉంది, ఈమె మాట వినాలి అని రాసిపెట్టిన కాగితం అదేనని నా పేరు పోయాక గానీ బుర్రకెక్కలేదు.

పేరు చేర్చుకునే ఫారం ఆరు పెట్టాను. ఊరి చిరునామాతో ఉన్న ఆధార్, గ్యాస్ పుస్తకం, బీడీ కార్డు జతచేశాను. టీచర్ విచారణకు వచ్చింది. నువ్వు ఇక్కడే ఉంటున్నావని రాయాలంటే చూసి రాయాలి అంది, ముఖం ఎటో పెట్టుకొని. చూడమన్నాను. చాట ముందేసుకొని ఆమె ఎదురుగా పాతిక బీడీలు చుట్టి, కట్ట కట్టి ఆమె చేతిలో పెట్టాను. ఏం రాసిందో రాసింది. నెలన్నరకు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కొత్త వరుస సంఖ్య, కొత్త కార్డు. పాత ఇంటి నంబరు. మొగుడి పేరు దగ్గర ఆయన పేరే ఉంది. కార్డు రాగానే ఏడ్చానని రాస్తే బాగుంటుంది గానీ, ఏడవలేదు. పేరు తీయించే ఫారం ఏడు ఎప్పుడు పెట్టొచ్చని మీసేవ దగ్గరి ఆమెకు ఫోన్ చేశాను.

బావకు రెండు ఓట్లున్నాయని నాకు తెలుసు. తన గృహప్రవేశం రోజు తానే పది మందిలో చెప్పుకున్నాడు. జగిత్యాలలో మున్సిపాలిటీ ఎన్నికలప్పుడు దోస్తు నిలబడితే అక్కడ పెట్టించుకున్నానని, ఊళ్ళోది ఊళ్ళో ఉందని, అక్కడా మనమే ఇక్కడా మనమే అని మీసం దువ్వాడు. వంటింట్లో బూరెలు వేయిస్తూ విన్నాను. అప్పుడు గొప్పగానే అనిపించింది, ఇప్పుడు పనికొచ్చింది. ఫోన్‌లో ఎన్నికల సైటు తెరిస్తే వంకర టింకర అక్షరాలు చూపించి అవి ఏవో కొట్టమంటుంది. తప్పు కొట్టి కొట్టి కళ్ళు లాగేశాయి. మూడు రోజులు బీడీలు మానేసి జగిత్యాల జాబితాలు తిరగేశాను. దొరికాడు. తండ్రి పేరూ వయసూ కూడా ఆయనవే.

అయినా నమ్మకం కుదరలేదు. ఒక సోమవారం బస్సెక్కి జగిత్యాల వెళ్ళాను. ఆయన ఇంటి ఎదురుగా రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడి, జాబితాలో ఉన్న ఇంటి నంబరు, గేటు మీద ఉన్న నంబరు ఒకటేనా కాదా అని చూసుకున్నాను. ఒకటే. ఆరేసిన బట్టల్లో ఆయన లుంగీ ఉంది. ఇంతలో ఆయనే బండి తీసుకొని బయటికొచ్చి, నా వైపు చూసి, పక్కనుంచి వెళ్ళిపోయాడు. గుర్తుపట్టలేదు. తలుపు చాటు పద్ధతి నాకు చేసిన మేలు అదొక్కటే. ఆ రోజు టీ రెండుసార్లు తాగాను.

ఫారం ఏడు నింపడానికి కూర్చున్నాను. కింద ఒక హెచ్చరిక ఉంటుంది, అబద్ధం రాస్తే జైలు అని. రెండుసార్లు చదివాను. నేను రాస్తున్నది నిజం, ఆయన రాసింది అబద్ధం, ఆయన ఆ హెచ్చరిక చదివి ఉండడని నా నమ్మకం. శాశ్వతంగా వేరేచోటికి మారారు అన్న గడిలో టిక్కు పెట్టాను. ఆ టిక్కు కాస్త గట్టిగానే పడింది, కింది కాగితం మీద కూడా అచ్చు దిగింది.

అప్పటికే ఊళ్ళో సర్పంచ్ ఎన్నికల మాట మొదలైంది. బావ నిలబడతాడని అందరికీ తెలుసు. వారానికోసారి కారులో వచ్చి, కూడలిలో కుర్చీ వేసుకొని కూర్చొని, వచ్చేపోయేవాళ్ళను పేరుపేరునా పలకరిస్తున్నాడు. నేను ఫారం ఇచ్చింది ఆ ఎన్నిక చూసుకొని కాదని చెబితే ఎవరూ నమ్మరు. నిజానికి ఆ సంగతి నాకూ తెలుసు, తెలిసే తొందరపడ్డాను.

నోటీసు పట్టుకొని టీచర్ మా ఇంటికి వచ్చింది. ఆ చిరునామాలో ఉంటున్నానని ఆయన చెప్పుకున్నాడు కాబట్టి, నోటీసు ఆ చిరునామాకే వస్తుంది. ఫలానా రోజు వచ్చి నీ మాట చెప్పుకో, రాకపోతే పేరు తీసేస్తాం అని అందులో ఉంది. ఆమెకు చెమటలు పడుతున్నాయి. పెద్దమనిషితో పెట్టుకుంటున్నావు, వెనక్కి తీసుకో అని నన్ను బతిమాలింది. ఆయనకే ఫోన్ చేయండి, ఉన్నదున్నట్టు చెప్పండి, నేనేమీ దాచమనడం లేదన్నాను. నా ముందే చేసింది. ఓటు గురించి ఒక నోటీసుంది సార్ అనేలోపే అవతల గొంతు స్పష్టంగా వినిపించింది.

“నేను గీడ బిజీగున్న. ఇంట్ల ఇచ్చిపో.”

టీచర్ నా చేతికివ్వబోయింది. నేను చేయి చాపలేదు. ఇంట్లోవాళ్ళ చేతికిస్తే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు కదా, ఆయన గది తలుపుకే అంటించండి అన్నాను. గోందు లేదంది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలోంచి గుప్పెడు అన్నం మెతుకులు తెచ్చిచ్చాను. ఆమె నాలుగు మూలలా మెతుకులు పెట్టి మెదిపి, అరచేత్తో ఒత్తి అంటించి, తాళంతో సహా ఫొటో తీసుకొని వెళ్ళిపోయింది.

అత్త గోడకానుకొని అంతా చూసింది. ఆమెకు చదువు రాదు. కాగితంలో ఏముందని అడిగింది. అక్షరం దాచకుండా చెప్పాను. నీ పెద్దకొడుకు పేరు ఊరి జాబితాలోంచి పోతుంది, పెట్టించింది నేనే, ఫలానా రోజులోపల ఆయన వచ్చి చెప్పుకుంటే ఆగుతుంది, సర్పంచ్‌గా నిలబడాలంటే ఊళ్ళో ఓటుండాలి అని చెప్పాను. ఆమె ఫోన్ ఆమె నడుముకే ఉంది, ఒకటో అంకె నొక్కి పట్టుకుంటే కొడుకుకు కలుస్తుంది. నేను కావాలనే బిందె తీసుకొని నల్లా దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆమె అలాగే కూర్చొని ఉంది. చెయ్యలేదా అని అడిగాను.

“నీ పేరు వోయిన్నాడు సుత నేను నోరు మూసుకున్న. గిప్పుడు సుత మూసుకుంట” అంది. ఆ తలుపు వైపు చూసి, “వాని ఇల్లే గదా. అస్తె సూసుకుంటడు” అంది.

ఆ రోజు నుంచి నేను ఆ గది ముందు రోజూ ఊడ్చాను. తలుపు మీద దుమ్ము పడితే కాగితం చెదరకుండా చుట్టూ తుడిచాను. రేపు ఎవరైనా కనబడలేదని అంటే నా మీదికి రాకూడదు. బావ ఆ రెండు నెలల్లో ఊరికి తొమ్మిదిసార్లు వచ్చాడు. కారు హారన్ మా ఇంటికి వినబడుతుంది. కూడలి నుంచి మా గడపకు వంద అడుగులుండవు. హారన్ వినబడగానే అత్త చీర సర్దుకొని వాకిట్లోకొచ్చి కూర్చునేది. నన్ను చాయ్ పెట్టమనేది. పెట్టేదాన్ని. గంటకో రెండు గంటలకో కారు వెళ్ళిపోయిన చప్పుడు అయ్యేది, ఆ చాయ్ ఇద్దరం తాగేవాళ్ళం. ఫోన్‌లో కొడుకుతో మాట్లాడినప్పుడల్లా ఇంటికి వస్తావా అని అడిగేది. మళ్ళీసారి వస్తాననేవాడు. ఆమె అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. నిజం చెబుతున్నాను, మొదట్లో ఆమె చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. తర్వాత్తర్వాత ఆమె ఎదురుచూపు చూస్తుంటే ఆయన ఒక్కసారి వస్తే బాగుండునని కూడా ఒకటి రెండుసార్లు అనిపించింది. కారు వెళ్ళిపోయిన చప్పుడు వినగానే ఆ దయ కాస్తా ఎగిరిపోయేది.

నోటీసులో చెప్పిన రోజు గడిచింది, ఆయన వెళ్ళలేదు. కొత్త జాబితా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. పొద్దున్నే వెళ్ళి చూశాను. ఆయన పేరు మీద కొట్టివేత, పక్కన ‘ఎస్’. నాకు వేసిన అక్షరమే. వేలితో తడిమి చూసుకున్నాను. కళ్ళు చల్లబడ్డాయి. ఎవరితోనూ అనలేదు. ఊళ్ళో ఇంకెవరూ చూసినట్టు లేదు. తన పేరు ఉందా లేదా అని వెళ్ళి చూసుకోవాలన్న ఆలోచన పేరున్నవాళ్ళకు రాదు, ఒకప్పుడు నాకూ రాలేదు.

నామినేషన్ల రోజు ఆయన డప్పులతో, పూలదండలతో, ముప్పై నలభై మందిని వెంటేసుకొని వెళ్ళాడు. అక్కడ ఏం జరిగిందో మా వీధి వాళ్ళు తర్వాత చెప్పారు. ఆఫీసరు కాగితం తీసుకొని, జాబితాలో మీ వరుస సంఖ్య ఎంత అని అడిగాడట. ఈయన పాత నంబరు చెప్పాడట. ఆ నంబరు దగ్గర కొట్టేసి ఉందన్నాడట. మళ్ళీ చూడమంటే మళ్ళీ చూశాడట. కార్డు తీసి చూపించాడట. కార్డు ఉంటే సరిపోదు, జాబితాలో ఉండాలి అన్నాడట ఆ ఆఫీసరు. ఈ మాట నాకు చెబుతుంటే ఇంకోసారి చెప్పమని అడిగి చెప్పించుకున్నాను. బయట డప్పులవాళ్ళకు సంగతి తెలియక ఇంకా కొడుతూనే ఉన్నారట.

మధ్యాహ్నం, ఆ రెండు నెలల్లో మొదటిసారి, కారు మా గడప ముందు ఆగింది. నుదుట కుంకుమ, మెడలో బంతిపూల దండ అలాగే ఉన్నాయి. మనుషులను బయటే వదిలి ఒక్కడే లోపలికొచ్చాడు. అలవాటుకొద్దీ నా కాళ్ళు తలుపు వెనక్కి నడిచాయి. ఆయన నేరుగా తన గది ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. కాగితం అక్కడే ఉంది. ఎండకు పసుపు రంగుకు తిరిగింది గానీ ఒక్క అక్షరం చెరగలేదు. పైనుంచి కిందికి చదివాడు, కింద నా పేరు దగ్గర ఆగాడు. మళ్ళీ పైనుంచి మొదలుపెట్టాడు.

“ఎన్నొద్దులైంది గిది అంటించి?” అన్నాడు. అత్తను కాదు, తలుపును.

అప్పుడు చాటు నుంచి బయటికొచ్చాను. వాకిట్లో ఆయనకు ఎదురుగా నిలబడ్డాను. ఎన్ని నెలలుగానో ఎన్నో మాటలు కూడబెట్టుకున్నాను, బూతులు కూడా ఉన్నాయి వాటిలో. తీరా ఒక్కటే వచ్చింది.

“రెండు నెలలైంది బావా. ఇంట్ల ఇచ్చిపొమ్మన్నది నువ్వే.”

ఆయన నన్ను చూశాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి చూసినట్టు చూశాడు. ముఖం నల్లబడింది. నా తిక్క తీరేట్టు చూసుకున్నాను ఆ ముఖాన్ని, తల దించుకోలేదు. ఆయనే చూపు తిప్పుకొని తల్లి వైపు తిరిగాడు.

“నువ్వన్న ఒక ఫోన్ జెయ్యొద్దా అవ్వా?”

అత్త పొయ్యి దగ్గరి నుంచి లేచింది. ఆ రోజు హారన్ వినగానే తానే చాయ్ పెట్టింది. గ్లాసు తెచ్చి ఆయన ముందు అరుగు మీద పెట్టింది.

“అస్తవేమోనని సూసిన కొడుకా” అంది.

ఆయన తలుపు వైపు తిరిగి కాగితాన్ని గోరుతో గీకడం మొదలుపెట్టాడు. ఎండిన మెతుకులు రాయిలా బిగుసుకుపోతాయి. మధ్యలో కాగితం చిరిగి చేతికొచ్చింది, మూలలు రాలేదు. గీకి గీకి, చాయ్ ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

పంచాయతీ ఓట్ల రోజు అత్త, నేను కలిసి వెళ్ళి వేసొచ్చాం. సిరా వేలు ఫొటో తీసుకున్నాను, ఫోన్‌లోనే ఉంది. ఆ తలుపుకు కాగితం నాలుగు మూలలూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. వాటిని తుడవొద్దని అత్తకు చెప్పాను.